దుమ్ము పట్టిన మొక్క

ఆ అయిదంతస్తుల ఆఫీసులో మొత్తం తొంభై ఆరు కుండీలు. వాటిలో తొంభై అయిదు ఆకులమ్మవి. అంటే ఆమె సొంతమని కాదు. నీళ్ళు పొయ్యడం, ఎండిన ఆకులు తియ్యడం, వారానికి రెండుసార్లు ప్రతి ఆకునూ తడిగుడ్డతో తళతళలాడేలా తుడవడం ఆమె పని. అసలు పేరు హాజరు పుస్తకంలో ఎక్కడో ఉంటుంది. పిలుపుకి మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె ఆకులమ్మే.

మిగిలిన ఆ ఒక్క కుండీ రెండో అంతస్తులో లెక్కల గదిలో ఉంది. అక్కడ కూర్చునే లెక్కలావిడకి తన వస్తువు ఎవరు ముట్టుకున్నా ఒళ్ళుమంట. "నా మొక్క నేను చూసుకుంటా, నువ్వు దాని జోలికి రాకు" అని మొదటిరోజే తేల్చి చెప్పేసింది. చూసుకోవడమంటే ఏముంది, గుర్తొచ్చినప్పుడు ఇన్ని నీళ్ళు మొదట్లో గుమ్మరించడమే. ఆ రబ్బరు మొక్క ఆకుల మీద వేలితో ఉత్తరం రాసుకోవచ్చు, అంత దుమ్ము. ఆ గది ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆకులమ్మకి చేతులు దురదపెట్టేవి. పాపం, దిక్కులేని మొక్క అనుకునేది.

అయిదు వారాల క్రితం ఆమె కుదురు చెడింది. మూడో అంతస్తులో మేనేజరు గది ముందున్న తెల్లచారల డంబ్‌కేన్ మొక్క కింది ఆకు మీద కందిగింజంత గోధుమరంగు మచ్చ కనిపించింది. దాని చుట్టూ పసుపు గీత. వారం తిరిగేసరికి అది చొక్కా గుండీ అంతయింది. ఆ పక్క కుండీలోనూ రెండు లేచాయి. ఆ తర్వాత ఏ మొక్క దగ్గరికి వెళ్ళినా ముందు ఆకు తిప్పి చూడటమే ఆమె పనైపోయింది. ఒక చిన్న నోటుపుస్తకం కొని, ఏ తారీఖున ఏ కుండీలో ఎన్ని మచ్చలో రాసుకోవడం మొదలుపెట్టింది. బస్సులో కూర్చుని ఆ పుస్తకమే చదివేది. పరీక్షకి వెళ్ళే పిల్ల కూడా అంత చదవదు.

కాలు కాలిన పిల్లిలా అయిదంతస్తులూ తిరిగింది. ఏసీ గాలేమోనని కుండీలు జరిపింది. ఎండేమోనని తెరలు దించింది. నీళ్ళు తక్కువయ్యాయేమోనని రెండు చెంబులు ఎక్కువ పోసింది, ఎక్కువయ్యాయేమోనని మళ్ళీ మానేసింది. వారానికి రెండుసార్లు తుడిచేది మూడుసార్లు తుడిచింది, మచ్చ ఉన్న ఆకుని మరీ శ్రద్ధగా, వెనకా ముందూ. ఎంత తుడిస్తే అన్ని మచ్చలు. గాలినీ ఎండనీ నీటినీ అనుమానించడం అయిపోయాక చివరికి మనుషుల మీద పడింది. ఎవరమైనా అంతే కదా.

ఆ పడటం వెళ్ళి వెళ్ళి టీ బాబాయ్ మీద పడింది.

టీ బాబాయ్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ టీలు అందిస్తాడు, గ్లాసులు కడుగుతాడు. ఇద్దరి పనీ ఒకటి కాకపోయినా ఇద్దరి బరువూ ఒకటే లిఫ్టులో ఎక్కాలి. అందుకని పొద్దున్నే ఆమె నీళ్ళ బకెట్ ఒక చేత్తో అందుకుని, "తప్పుకో అమ్మాయ్, నీ నడుము నాకంటే ముందే ముసలిదైపోయేలా ఉంది" అంటూ లిఫ్టులో పెట్టేవాడు. ఆమె నవ్వేది. అటువంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం చేతిలో గ్లాసుతో మూడో అంతస్తు కుండీ మీదకి వంగి ఉండటం ఆకులమ్మ దూరం నుంచి చూసింది. చూసింది అంతే. ఆమె దగ్గరికి వచ్చేలోపు అతను వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క చూపునీ వారం రోజులు నానబెట్టింది. మొన్న సోమవారం టీలగదిలో ఎనిమిదిమంది ఉండగా ఇక ఆగలేకపోయింది.

"బాబాయ్, కుండీల్లో టీ పారబోస్తున్నది నువ్వే కదూ? నా కళ్ళతో చూశాను."

అతను కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టాడు. "టీ కాదు అమ్మాయ్. ఎవరో సగం తాగి వదిలేసిన మంచినీళ్ళు. మట్టి ఎండిపోయి కనిపిస్తే ఒక్కసారి పోశాను."

"దొరికినవాళ్ళందరికీ అది ఒక్కసారే!"

ఎనిమిదిమందీ నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు మాత్రం నవ్వలేదు. తన గది ముందు మచ్చల మొక్కలు చూసి బయటనుంచి వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తున్నారని ఆయనకి ఎప్పట్నుంచో చిరాకు. ఆ చిరాకు మోపడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, దొరికాడు. "కాంట్రాక్టరుకి చెప్పేస్తాను. శుక్రవారం సాయంత్రం వరకే ఇతను. శనివారం నుంచి వేరే మనిషి వస్తాడు" అన్నాడు.

టీ బాబాయ్ వాదించలేదు. గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే" అన్నాడు, కుళాయితో చెప్పినట్టు. మర్నాడు లిఫ్టు దగ్గర బకెట్ ముట్టుకోలేదు. "ముందు మీరు వెళ్ళండి మేడం" అని పక్కకి తప్పుకున్నాడు.

ఆ మేడం అన్న మాట ఆకులమ్మ గుండెలో ముల్లులా దిగింది. తప్పు చేసినవాడికి పౌరుషం కూడానా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవలసి వచ్చిందంటేనే ఎక్కడో తేడా ఉందని అర్థం.

గురువారం ఆకులు తుడిచే రోజు. ఆకులమ్మ వరస ఎప్పుడూ ఒకటే. కింద బకెట్ నింపుకుని సరాసరి మూడో అంతస్తుకి వెళ్తుంది, మేనేజరు వచ్చేలోపు ఆయన గది ముందు మెరవాలి కదా. అక్కడినుంచి నాలుగు, ఆ పైన అయిదు. దిగేటప్పుడు రెండు. చివరికి కింద హాలు. ఆ రోజు అయిదో అంతస్తులో కిటికీ పక్క పీస్ లిల్లీ ఆకు తిప్పేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. మూడు మచ్చలు, చుట్టూ పసుపు గీతలు. మూడో అంతస్తులో చూసినవాటికి కవలపిల్లలు.

పై అంతస్తుల మచ్చలు పుస్తకంలో ఎప్పుడో ఎక్కాయి, అక్కడికి ఎవరొస్తారు, ఎవరు రారు అని మాత్రం ఆ రోజు దాకా ఆలోచించలేదు. అయిదో అంతస్తువాళ్ళకి సొంత కాఫీ యంత్రం ఉంది. టీ బాబాయ్ అక్కడికి మెట్లెక్కి రాడు, లిఫ్టులోనూ రాడు. ఆ అంతస్తులో అతని పని లేదు.

ఎవరి బూట్ల ధూళితోనో వచ్చి ఉంటుందిలే అనుకుంది. మళ్ళీ ఆ అనుకోవడం తనకే నచ్చలేదు. గుడ్డ పిండింది, మళ్ళీ ముంచింది, మళ్ళీ పిండింది. చేతులకి పని కావాలి, లేకపోతే బుర్ర పని మొదలుపెడుతుంది. గబగబా రెండో అంతస్తుకి దిగింది. అక్కడ లెక్కలావిడ తలుపు తీసుకుని నిలబడి ఉంది, ఎన్నడూ లేనిది, ఆమె కోసమే.

"ఏమ్మా, నీ మొక్కలన్నిటికీ ఏదో రోగమటగా. నా దానికి అంటుకోలేదు కదా? ఒకసారి చూసి పో. ముట్టుకోకుండా చూడు."

ఆకులమ్మ చేతులు వెనక్కి కట్టుకుని రబ్బరు మొక్క చుట్టూ తిరిగింది. దుమ్ము ఉన్నమాట నిజం. మూల ఆకుల మధ్య సాలెగూడు కూడా ఉంది. వంగి కింది ఆకులు చూసింది, పై ఆకులు చూసింది. ఒక్క మచ్చ లేదు. గోడకి అవతల పక్క నడవాలో ఆమె వారానికి మూడుసార్లు తుడిచే రబ్బరు మొక్కకి పదకొండు.

"దీనికి మీరు ఏం వేస్తున్నారండీ?"

"ఏమీ వెయ్యను. చల్లారిపోయిన టీ పోస్తా అప్పుడప్పుడు. ఆ టీ బాబాయ్ ఒకటి తాగేలోపు ఇంకోటి తెచ్చి పెడతాడు, అంత టీ ఎవరు తాగుతారు?" లెక్కలావిడ గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకు. టీ పోసినందుకే ఆయన్ని పంపించేస్తున్నారటగా."

ఆకులమ్మ ఆ మొక్కని మళ్ళీ ఒకసారి చూసింది. టీ తాగే మొక్కకి ఏ రోగమూ లేదు. ఆమె చెయ్యి పడని మొక్కకి ఏ రోగమూ లేదు. రెండూ ఒకటే మొక్క. ఆ రోజు కింద హాలులో మొక్కలు తుడవకుండానే బకెట్ పారబోసి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో అత్తగారు కిటికీ పక్క కుర్చీలో మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. ఆకులమ్మకి ముందు ఇరవై ఏళ్ళు ఆ ఆఫీసులో ఆకులు తుడిచింది ఆవిడే. మోకాళ్ళు మొరాయించాక గుడ్డా బకెట్ కోడలికి అప్పగించింది. వేరే ఇళ్ళలో అత్తలు నగలిస్తారు, మా అత్తయ్య బకెట్ ఇచ్చింది అని ఆకులమ్మ ఎవరైనా వింటుంటే చెప్పి నవ్వేది. ఆ రోజు నవ్వే ఓపిక లేదు. నోటుపుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"నాకు అక్షరాలు ఆనవు, నువ్వే చదువు. ముందు ఎక్కడ వచ్చాయి?"

"మూడో అంతస్తు. నెలన్నర కిందట మేనేజరుకి ఎవరో రెండు డంబ్‌కేన్ మొక్కలు బహుమతిగా పంపారు అత్తయ్యా, వాటి పక్కనున్న మన పాత మొక్కకి."

"తర్వాత?"

"నాలుగు. తర్వాత అయిదు. తర్వాత రెండు. కింద హాలులో అక్కడక్కడా ఒకటి."

చదువుతున్నకొద్దీ ఆమె వేలు పేజీ మీద నెమ్మదించింది. మూడు, నాలుగు, అయిదు, రెండు, కింద. లోకంలో ఇంకెవరూ ఆ వరసలో ఎక్కి దిగరు. ప్రతి అంతస్తులోనూ గుడ్డ ముంచి మొదలుపెట్టే లిఫ్టు పక్క కుండీకి ఎక్కువ మచ్చలు, తర్వాతి దానికి తక్కువ, చివరి దానికి ఒకటో అరో. మళ్ళీ సిరా అద్దకుండా వరసగా ముద్రలు కొట్టుకుంటూ పోతే ఎలా మసకబారతాయో అలా.

అత్తగారు నూనె చెయ్యి ఆపింది. "బకెట్ నీళ్ళు ఎన్నిసార్లు మారుస్తున్నావే?"

"ఎక్కడ మార్చను? మూడు నెలల కిందట అంతస్తుల్లో కుళాయిలన్నీ తీసేశారు కదా. టీలగదిలో తొట్టి మనకి ఇవ్వరు. కిందే నింపుకుని..."

"అన్ని అంతస్తులకీ అవే నీళ్ళు? అదే గుడ్డ?"

ఆకులమ్మ నోటుపుస్తకం మూసేసింది.

"నేను అంతస్తుకో బకెట్ మార్చేదాన్ని, అంతస్తుకో గుడ్డ. ఎందుకని నన్నడిగితే నాకూ తెలియదు, అలా అలవాటు. నీకు ఆకు మెరవాలని చెప్పానుగానీ నీళ్ళ సంగతి చెప్పలేదు." ఆవిడ నిట్టూర్చింది. "అంటువ్యాధి అంతే. ఒకడి చీముడు తుడిచిన గుడ్డతో ఊరందరి మొహాలూ తుడిచినట్టు. పైగా తడి ఆకు త్వరగా ఆరకుండా తలుపులు మూసిన గదిలో ఉంటే ఆ మచ్చకి పండగే."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆకులమ్మ పని. అయిదు వారాలు దొంగ కోసం వెతికింది, దొంగ గుడ్డై ఆమె నడుముకే వేలాడుతోంది. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. కానీ ఆ సిగ్గు కంటే పెద్దది ఇంకోటి ఉంది. రేపు శుక్రవారం.

"పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను."

"చెప్పి?" అత్తగారి మొహం గట్టిపడింది. "ఆయన్ని ఉంచి నిన్ను పంపిస్తారు. మచ్చల ఆకులు కోసెయ్, గుడ్డ మార్చు, రెండు నెలల్లో ఎవరికీ గుర్తుండదు. కొరివితో తల గోక్కోకు."

"ఆయనకి గుర్తుంటుంది అత్తయ్యా."

అత్తగారు మళ్ళీ మోకాలికి నూనె పట్టించడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళు ఆవిడ బకెట్ కూడా లిఫ్టులో పెట్టింది ఆ మనిషే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎత్తలేదు. రెండో మోకాలికి వచ్చాక ఆవిడ, "చెప్పేటప్పుడు మధ్యలో నా పేరు తేకు, అంతే" అంది.

శుక్రవారం పొద్దున మేనేజరు రాకముందే ఆకులమ్మ ఆయన గది ముందు నిలబడింది. ఒక చేతిలో ఖాళీ బకెట్, ఇంకో చేతిలో ఆరిపోయి అట్టకట్టిన గుడ్డ. రాత్రంతా మాటలు పేర్చుకుంది కానీ ఆయన్ని చూడగానే పేర్పంతా కూలిపోయింది.

"సార్, ఆ మచ్చలు టీ బాబాయ్ వల్ల కాదు. నావల్ల."

ఆయన ఫోను చూస్తూనే, "నువ్వేగా కళ్ళతో చూశానన్నావు?" అన్నాడు.

ఆమె నోటుపుస్తకం తెరిచి చూపించింది. బహుమతి మొక్కలు, బకెట్, గుడ్డ, తన వరస, అన్నీ చెప్పింది. మేనేజరు చివరికి ఫోను బల్ల మీద పెట్టాడు, అది కూడా విసుగ్గానే.

"ఇప్పుడు కాంట్రాక్టరుకి నేనేమని చెప్పాలి? పొరపాటు పడ్డావు, సరే..."

"పొరపాటు మొక్కల దగ్గర సార్. బాబాయ్ దగ్గర కాదు. గ్లాసులో ఏముందో నాకు కనబడలేదు. చూడనిది చూశానన్నాను. దాన్ని అబద్ధమనే అంటారు."

ఆయన నోటుపుస్తకం తీసుకుని రెండు పేజీలు తిప్పాడు. తర్వాత ఫోను తీసి కాంట్రాక్టరుతో రెండు ముక్కలు మాట్లాడాడు. కొత్త మనిషి అక్కర్లేదు, పాతాయనే ఉంటాడు. ఫోను పెట్టేసి, "నీకు ఒక నెల. నా గది ముందు కొత్తగా ఒక్క మచ్చ కనబడినా నువ్వు ఉండవు" అన్నాడు.

"మచ్చ పడ్డ ఆకు మళ్ళీ మామూలుగా అవదు సార్. కొత్త ఆకు శుభ్రంగా వస్తే చాలు. దానికే నెల పడుతుంది."

"అయితే సరిగ్గా నెలే ఉంది" అన్నాడాయన.

అక్కడితో ఆగి ఉంటే సుఖంగానే ఉండేది. కానీ నింద వేసింది గదిలో ఒక్క మనిషి ముందు కాదు. పదకొండు గంటలకి టీలగది నిండేదాకా ఆగి వెళ్ళింది. సోమవారం నవ్వినవాళ్ళలో ఆరుగురు ఉన్నారు. లెక్కలావిడ కూడా ఉంది. టీ బాబాయ్ గ్లాసులు కడుగుతూ వెనక్కి తిరగలేదు.

"బాబాయ్ టీ పొయ్యలేదు. నేను చూడలేదు. చూశానని అన్నాను. మచ్చలు అంటించింది నా గుడ్డే. నన్ను క్షమించు బాబాయ్."

ఎవరూ నవ్వలేదు. లెక్కలావిడ గ్లాసులోకి చూసుకుంది. టీ బాబాయ్ చేతులు తుడుచుకుని, ఒక గ్లాసులో టీ పోసి ఆమె ముందు పెట్టాడు. వద్దనే ధైర్యం లేక తాగింది. చేదుగా ఉందో తియ్యగా ఉందో తెలియలేదు. అడుగున కొంచెం మిగిలింది. ఎక్కడ పారబొయ్యాలా అని చూస్తుంటే అతను చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి మేడం. కుండీలో పడితే మళ్ళీ నా పేరే వస్తుంది."

అప్పుడు గది గొల్లుమంది. ఆకులమ్మ కూడా నవ్వింది. మెట్ల మీదకి వెళ్ళాక ఏడ్చింది.

ఆ నెలంతా ఆమె బతుకు చేతులు కట్టేసుకుని కూర్చున్నట్టే గడిచింది. బహుమతి మొక్కలు రెంటినీ వెనక వరండాలో వేరుగా పెట్టింది. మచ్చలు ముదిరిన ఆకులన్నీ కోసి సంచిలో కట్టి బయట పారేసింది, ఒక్కో మొక్క కాగానే కత్తెర స్పిరిట్‌తో తుడిచి. కుండీకీ కుండీకీ మధ్య గాలి ఆడేలా జానెడు జాగా ఉంచింది. నీళ్ళు పొద్దున్నే, మొదట్లోనే, ఆకు మీద చుక్క పడకుండా. తడిగుడ్డ పూర్తిగా బంద్. దుమ్ము మాత్రం రోజురోజుకీ పేరుకుంది. తళతళలాడే ఆకులు మసకబారుతుంటే చూసి ఊరుకోవడం అన్నిటికంటే కష్టమైంది. చెయ్యి దానంతటదే ముందుకు పోయేది, వెనక్కి లాక్కునేది. బకెట్ ఇప్పుడు తేలిక, సగమే నింపుతుంది, తనే మోసుకుంటుంది. లిఫ్టు దగ్గర టీ బాబాయ్ ఎదురైతే ఇద్దరూ తలుపు వైపు చూస్తారు.

ఇరవై ఆరో రోజున మూడో అంతస్తులో పాత డంబ్‌కేన్ మొక్క నడిమొవ్వ విప్పుకుంది. చుట్టుకున్న ఆకు సగం తెరుచుకుని లేతగా, తడిగా ఉన్నట్టు మెరుస్తోంది. ఆకులమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ముందు నుంచి చూసింది, మెడ వంచి వెనక నుంచి చూసింది. ఊపిరి కూడా దాని మీద పడకుండా ఆపుకుంది. మచ్చ లేదు.

వెనక ట్రే చప్పుడు ఆగింది. టీ బాబాయ్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు.

"శుభ్రంగా ఉందా?"

మేడం అనలేదు. అమ్మాయ్ అని కూడా అనలేదు.

"ఉంది బాబాయ్. ముట్టుకోకుండానే చూశాను."

అతను ట్రే కిటికీ గట్టు మీద పెట్టి, కుండీకి రెండడుగుల దూరంలో ఆగాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనూ ముట్టుకోను" అన్నాడు.

ట్రేలో టీలు చల్లారిపోతున్నాయి. మేనేజరు గదిలోంచి గంట మోగింది. ఇద్దరూ అక్కడే నిలబడి ఇంకాసేపు ఆ ఆకుని చూశారు.